మూడు శాతం నీళ్లే.. అసలు పరీక్ష అక్కడే!

హుజూరాబాద్‌లో పొద్దున ఐదున్నరకు గ్రౌండ్ వైపు వెళ్తే చాలు, పరుగెత్తే కుర్రాళ్లు కనిపిస్తారు. ఎక్కువమంది కల ఖాకీ డ్రెస్. 2022 పోలీస్ నోటిఫికేషన్‌లో అబ్బాయిలు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలని పెట్టారు. 1600 మీటర్ల టార్గెట్‌ను లెక్కేస్తే కిలోమీటర్‌కు నాలుగున్నర నిమిషాలు. ఇది చిన్న వేగమేం కాదు. ఈ వేగం ఉన్నవాళ్ల చేతిలో ట్రయాథ్లాన్‌లో మూడో వంతు ఇప్పటికే ఉన్నట్టే.

ఈత, సైకిల్, పరుగు.. ఈ మూడింటినీ మధ్యలో ఆగకుండా ఒకదాని వెంట ఒకటి పూర్తి చేయడమే ట్రయాథ్లాన్. ఇది హైదరాబాద్ ఐటీ వాళ్ల ఆట, లక్షల సైకిళ్లున్న వాళ్ల ఆట అని మన దగ్గర చాలామంది అనుకుంటారు. సైకిల్ సంగతి తర్వాత చూద్దాం. మన ప్రాంతం యువతకు అసలు అడ్డంకి డబ్బు కాదు, దమ్ము కాదు. నీళ్లు. అందుకే ఈ కథనంలో సగం నీళ్ల గురించే.

ముందు దూరాలు తెలుసుకుందాం

కొత్తవాళ్లకు సరిపోయేది స్ప్రింట్: 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. ఒలింపిక్ దూరం దానికి సరిగ్గా రెట్టింపు: 1.5, 40, 10. ఒలింపిక్స్‌లోకి ఈ ఆట 2000లో సిడ్నీలో వచ్చింది. ఆ తర్వాతది హాఫ్ ఐరన్‌మ్యాన్: 1.9, 90, 21.1. మొత్తం 70.3 మైళ్లు కాబట్టి దాన్ని 70.3 అనే పిలుస్తారు. గోవాలో 2019లో మొదలైన పోటీ ఇదే. ఫుల్ ఐరన్‌మ్యాన్ అంటే 3.8, 180, 42.2. ఇది 1978లో హవాయిలో మొదలైంది. ఆ రోజు బయలుదేరింది 15 మంది, చివరిదాకా వచ్చింది 12 మంది.

మన ఊరి లెక్కలో చెప్పాలంటే జమ్మికుంటకు పోయి వస్తే స్ప్రింట్ సైకిల్ దూరం దాదాపు అయిపోయినట్టే. ఇక్కడి నుంచి కరీంనగర్ వెళ్తే ఒలింపిక్ సైకిల్ దూరం. కరీంనగర్ పోయి తిరిగొస్తే 70.3కు కొంచెమే తక్కువ. అంటే రోడ్డు మనకు తెలిసిందే, భయపెట్టేంత దూరమేం కాదు.

ఇప్పుడు ఇంకో లెక్క. స్ప్రింట్ మొత్తం 25.75 కిలోమీటర్లు. అందులో ఈత 750 మీటర్లు, అంటే 3 శాతం కూడా లేదు. ఫుల్ ఐరన్‌మ్యాన్‌లో 2 శాతం లోపే. మరి అంత చిన్న ముక్కకు ఇంత భయమెందుకు? అమెరికాలో 1985 నుంచి 2016 వరకు ట్రయాథ్లాన్ పోటీల్లో జరిగిన మరణాలను, గుండె ఆగిపోయిన ఘటనలను పరిశోధకులు పరిశీలించారు. మొత్తం 135లో 90 ఈత దశలోనే జరిగాయి. దూరంలో 3 శాతం ఉన్న చోట ప్రమాదాల్లో మూడింట రెండు వంతులు! బాధితుల్లో 85 శాతం మగవాళ్లు, సగటు వయసు 46 దాటింది. కొత్తవాళ్లే కాదు, ఏళ్ల తరబడి పోటీల్లో పాల్గొంటున్న అన్నలు కూడా గుర్తుపెట్టుకోవాల్సిన అంకె ఇది.

కాలువలో ఈత వద్దే వద్దు

మన పల్లెల్లో పాత తరం వాళ్లు ఈత నేర్చుకున్నది వ్యవసాయ బావుల్లో. నడుముకు ఎండు సొరకాయ బుర్రలో, బెండ్లో కట్టి, పైన తాడు పట్టుకుని ఒక పెద్దాయన నిలబడేవాడు. బోర్లు వచ్చాక ఆ బావులు చాలావరకు పూడిపోయాయి. వాటితోపాటే పైన నిలబడే ఆ మనిషీ పోయాడు. మిగిలినవి చెరువులు, కాకతీయ కాలువ. ఎండాకాలం వచ్చిందంటే ఈతకు వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం.

కాలువ ఎందుకు ప్రమాదమో చిన్న లెక్కతో చెప్తాను. ఈత కొత్తగా నేర్చుకున్నవాళ్లు 100 మీటర్లకు సుమారు రెండున్నర నిమిషాలు తీసుకుంటారు. అంటే సెకనుకు 67 సెంటీమీటర్లు. కాలువ నీళ్లు సెకనుకు ఒక మీటర్ వేగంతో కదిలితే చాలు, మీరు ముందుకు చేతులు వేస్తున్నా శరీరం వెనక్కే పోతుంది. పైగా సిమెంట్ గోడలు ఏటవాలుగా, పాచి పట్టి ఉంటాయి. ఒడ్డుకు చేరినా పట్టు దొరకదు. చెరువులో ఇంకో రకం ప్రమాదం: మట్టి తవ్విన గుంతలు, తామర తీగలు. నడుము లోతు అనుకున్న చోట నిలువు లోతు ఉంటుంది. గ్రౌండ్‌లో ఎంత వేగంగా ఉరికేవాడైనా సరే, ఈ రెండింటి ముందు ఆ దమ్ము పనిచేయదు.

కాబట్టి మొదటి సూత్రం: లైఫ్‌గార్డ్, కోచ్ ఉన్న పూల్‌లోనే నేర్చుకోవాలి. హుజూరాబాద్ వాళ్లకు ఒక పక్క కరీంనగర్, ఇంకో పక్క హన్మకొండ ఉన్నాయి, రెండు చోట్లా ఈత కొలనులున్నాయి. రోజూ వెళ్లి రావడం కుదరదు, నిజమే. దానికి ఒక దారి ఉంది. సెలవుల్లో ఒక నెల రోజూ వెళ్లి బేసిక్స్ పూర్తి చేయండి. తర్వాత శని, ఆదివారాలు వెళ్లి నిలబెట్టుకోండి. డబ్బు కట్టేముందు మూడు అడగండి: లైఫ్‌గార్డ్ ఉంటాడా? పెద్దవాళ్లకు నేర్పే కోచ్ ఉన్నాడా? నీళ్లను ఎన్ని రోజులకోసారి శుభ్రం చేస్తారు?

చేతులు కాదు, ముందు శ్వాస

గ్రౌండ్‌లో బలంగా ఉన్న కుర్రాళ్లు పూల్‌లో 25 మీటర్లకే ఆయాసపడిపోతారు. కారణం దమ్ము లేక కాదు, నీళ్లలో ఊపిరి బిగబట్టడం. అమెరికన్ ఈత కోచ్ టెర్రీ లాఫ్లిన్ 'టోటల్ ఇమ్మర్షన్' పేరుతో పెద్దవాళ్లకు ఈత నేర్పే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ఆయన చెప్పిన దాంట్లో అసలు విషయం ఇదీ: నీళ్లతో కొట్లాడొద్దు. ముందు శరీరాన్ని నీటి మీద సమంగా, పొడవుగా ఉంచడం నేర్చుకోవాలి, వేగం తర్వాత. కాళ్లు కిందికి దిగిపోతే ఎంత తన్నినా బండికి బ్రేక్ వేసి యాక్సిలరేటర్ తిప్పినట్టే ఉంటుంది.

వరుస ఇలా పెట్టుకోండి. మొదటి రెండు వారాలు ముఖం నీళ్లలో పెట్టి బుడగలు వదలడం, వెల్లకిలా తేలడం, గోడను తన్ని జారడం. ఇంతే. మూడు, నాలుగు వారాల్లో 25 మీటర్లు. రెండు నెలలకు ఆగకుండా 200 మీటర్లు. నాలుగు నెలలకు 750 మీటర్లు. కొందరికి ఇంకొంచెం ఎక్కువ టైం పడుతుంది, పట్టనివ్వండి. వెల్లకిలా తేలడాన్ని మాత్రం చిన్నచూపు చూడొద్దు. పోటీలో గుండె దడ వచ్చినప్పుడు ప్రాణం నిలబెట్టేది అదే.

'ఈ వయసులో ఈతేంటి' అనుకునేవాళ్ల కోసం రెండు ఉదాహరణలు. మన తెలుగు మహిళ గోలి శ్యామల నలభై దాటాక ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో, 47 ఏళ్ల వయసులో, శ్రీలంక నుంచి ధనుష్కోడి వరకు పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. అమెరికాకు చెందిన నటాలీ గ్రాబో 59 ఏళ్లకు ఈత నేర్చుకున్నారు. 2025 అక్టోబర్‌లో హవాయి ఐరన్‌మ్యాన్ పూర్తి చేశారు, 80 ఏళ్ల వయసులో.

సైకిల్: కొనేముందు సరిచేసుకోండి

టెక్ రివ్యూలు రాస్తాను కాబట్టి నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న 'ఏ వాచ్ కొనాలి బ్రో?' నా సమాధానం ఎప్పుడూ ఒకటే. మొదటి డబ్బు పూల్ ఫీజుకు, రెండోది హెల్మెట్‌కు, మూడోది పంక్చర్ కిట్‌కు. వాచ్ ఆఖర్న. మొదటి ఆరు నెలలు ఫోన్‌లో స్ట్రావా లాంటి ఉచిత యాప్ చాలు.

మొదటి స్ప్రింట్‌కు రెండు బ్రేకులూ బాగా పనిచేసే మామూలు గేర్ సైకిల్ సరిపోతుంది. కానీ సీటు ఎత్తు సరిగా ఉండాలి. సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టండి. పెడల్ కిందికి వచ్చినప్పుడు కాలు నిటారుగా ఉండాలి. తర్వాత మామూలుగా పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగుతుంది. అదే సరైన ఎత్తు. మోకాళ్ల నొప్పుల్లో చాలావరకు ఈ ఒక్క సర్దుబాటుతో తగ్గుతాయి. బరువైన గేర్‌లో కాళ్లీడుస్తూ కాకుండా, తేలిక గేర్‌లో నిమిషానికి 80 నుంచి 90 సార్లు పెడల్ తిరిగేలా తొక్కండి. కాళ్లలో పరుగుకు కొంచెం మిగులుతుంది.

కరీంనగర్–వరంగల్ హైవే మీద లారీలు, ఇసుక ట్రాక్టర్లు ఎట్లా పోతాయో మీకు చెప్పక్కర్లేదు. ప్రాక్టీస్‌కు ఊళ్ల మధ్య లోపలి రోడ్లు మేలు. అక్కడ కూడా ఒక జాగ్రత్త. కోతల టైంలో రోడ్డు మీద వడ్లు, మక్కలు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. చీకట్లో అవి కనిపించవు. కాబట్టి ఆ నెలల్లో తెల్లారాకే బయలుదేరండి. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ వద్దు. పోటీలో అయితే అవి నిషేధం కూడా.

పరుగు: స్పీడ్ తగ్గిస్తేనే పెరుగుతుంది

గ్రౌండ్‌లో మన కుర్రాళ్లు చేసేది రోజూ టైమ్ ట్రయల్. రోజూ పరీక్ష రాస్తే చదివేదెప్పుడు? హవాయి ఐరన్‌మ్యాన్‌ను ఆరుసార్లు గెలిచిన మార్క్ ఆలెన్ కూడా కెరీర్ మొదట్లో ఇలాగే రోజూ గట్టిగా పరుగెత్తి గాయాలపాలయ్యేవాడు. కోచ్ ఫిల్ మాఫెటోన్ ఆయనకు ఒక హద్దు పెట్టారు: 180లోంచి వయసు తీసేస్తే వచ్చే గుండె వేగాన్ని దాటొద్దు. ఆలెన్‌కు అది 155. ఆ హద్దులో మొదట ఆయన మైలుకు 8 నిమిషాల 15 సెకన్లు తీసుకోవాల్సి వచ్చింది. సుమారు ఏడాది తర్వాత అదే గుండె వేగంతో మైలును 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాడు.

వాచ్ లేకపోయినా పర్లేదు. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడుతూ పరుగెత్తగలిగితే అది సరైన నెమ్మది. వారంలో ఎక్కువ పరుగు ఇలాగే సాగాలి. గట్టి పరుగు ఒకటి, మహా అయితే రెండు రోజులు. పోలీస్ ఈవెంట్స్‌కు ప్రిపేరయ్యేవాళ్లకూ ఇది పనికొస్తుంది. వారానికి ఒక రోజు 400 మీటర్ల స్పీడ్ రౌండ్లు, మిగతా రోజులు నెమ్మది పరుగు. పిక్కల నొప్పులతో సెలక్షన్ రోజున కుంటాల్సిన పరిస్థితి తగ్గుతుంది.

వారం ఎలా ఉండాలి?

ఉద్యోగం, చదువు ఉన్నవాళ్లకు వారానికి ఆరు గంటలు చాలు. సోమవారం విశ్రాంతి. మంగళ, గురువారాలు పరుగు. బుధవారం సైకిల్. శుక్రవారం ఇంట్లోనే గుంజీలు, పుషప్స్, ప్లాంక్, అరగంట. శనివారం ఈత. ఆదివారం ఈత, సాయంత్రం సైకిల్ దిగగానే పది నిమిషాల పరుగు. దీన్నే 'బ్రిక్' అంటారు. సైకిల్ దిగాక కాళ్లు ఇటుకల్లా బరువెక్కుతాయి. మొదటి కిలోమీటర్ మనది కాని కాళ్లతో పరుగెత్తినట్టుంటుంది. నాలుగైదు వారాలకు శరీరం అలవాటు పడుతుంది. పోటీ రోజున కొత్తగా తెలియకూడదు, అంతే.

నాలుగో వారం ఎప్పుడూ తేలిక వారం. మూడు వారాలు పెంచాక ఒక వారం మూడో వంతు తగ్గించండి. ఏప్రిల్, మే ఎండల్లో పొద్దున ఏడున్నర దాటాక బయట ప్రాక్టీస్ పెట్టుకోవద్దు.

తిండి: మలీద ముద్ద కూడా ఎనర్జీ బారే

గంటంపావు లోపు ప్రాక్టీస్‌కు నీళ్లు చాలు. అంతకు మించితే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఒక మామూలు అరటిపండులో సుమారు 25 గ్రాములుంటాయి. వందల రూపాయల జెల్ కొనలేకపోతే బాధపడొద్దు. బతుకమ్మకు చేసే మలీద ముద్దను చిన్నగా చేసి కవర్‌లో చుట్టుకుంటే సైకిల్ మీద తినడానికి బాగుంటుంది. నెయ్యి మాత్రం తగ్గించండి. పల్లి పట్టీ ప్రాక్టీస్ అయ్యాక మంచిది. మధ్యలో తింటే పల్లీల కొవ్వు అరగడానికి టైం పడుతుంది.

చెమట ఎక్కువ పోయే మన వాతావరణంలో ఉత్త నీళ్లు లీటర్ల కొద్దీ తాగడమూ ప్రమాదమే. రక్తంలో సోడియం పడిపోతుంది. నిమ్మకాయ, ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు లేదా ఓఆర్ఎస్ వాడండి. ఓఆర్ఎస్‌ను ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. ఏది తిన్నా, తాగినా ప్రాక్టీస్‌లో నాలుగైదుసార్లు చూసుకున్నదే పోటీలో వాడాలి.

ఇప్పటికే పోటీల్లో ఉన్నవాళ్లకు

ఒకటీ రెండూ పూర్తి చేసిన అన్నలు, అక్కలు సాధారణంగా తమకు బాగా వచ్చిన దాన్నే ఎక్కువ చేస్తారు. రన్నర్ అయితే ఇంకా పరుగు. ట్రయాథ్లాన్ శిక్షణపై ప్రామాణిక పుస్తకాలు రాసిన కోచ్ జో ఫ్రియెల్ దీనికి ఎదురు చెప్తారు. మీ లక్ష్యానికి అడ్డుపడుతున్న బలహీనత ఏదో గుర్తించి, దాని మీద పనిచేయాలంటారు. మన దగ్గర చాలామందికి అది మళ్లీ ఈతే. 70.3లో 1.9 కిలోమీటర్లకు సాధారణంగా ఇచ్చే టైం గంటా 10 నిమిషాలు. 100 మీటర్లకు 3 నిమిషాల 41 సెకన్లు. పూల్‌లో ఇది సులువే అనిపిస్తుంది. సముద్రంలో అలలు, పక్కవాళ్ల కాళ్లు, దారి తప్పడం కలిస్తే సరిపోదు. పూల్‌లో కనీసం 3 నిమిషాలలోపు వేగం ఉంటేనే సముద్రానికి పేరివ్వండి. ప్రతి ఎనిమిది, పది చేతులకోసారి తల ఎత్తి ముందున్న బోయాను చూడటం పూల్‌లోనే అలవాటు చేసుకోండి.

సైకిల్ మీద అత్యుత్సాహం ఇంకో పొరపాటు. పవర్ మీటర్ ఉంటే 20 నిమిషాల పూర్తి శక్తి టెస్ట్ చేసి, సగటును 0.95తో గుణించండి. 200 వాట్లు వస్తే మీ హద్దు 190. 70.3లో దానిలో 75 శాతం, అంటే 140 వాట్ల దగ్గర ఆగండి. సైకిల్‌లో మిగిల్చిన పది నిమిషాలు పరుగులో అరగంట మింగేసిన కథలు ప్రతి పోటీలో వినిపిస్తాయి.

చెమట లెక్క కూడా తీయండి. గంట ప్రాక్టీస్‌కు ముందు 70 కిలోలు, తర్వాత 69, మధ్యలో అర లీటర్ తాగారు అనుకుందాం. అంటే గంటకు లీటరున్నర చెమట పోయింది. పోటీ రోజు ఎంత తాగాలో దీన్నిబట్టి తేల్చుకోవచ్చు.

నలభై దాటినవాళ్లు గట్టి వ్యాయామం పూర్తిగా మానేసి దూరం మాత్రమే పెంచుతారు. 'ఫాస్ట్ ఆఫ్టర్ 50' పుస్తకంలో ఫ్రియెల్ చెప్పేది దీనికి తిరగేసి: వేగంతో కూడిన ప్రాక్టీస్ కొద్దిగా ఉంచుకోండి, బరువులు ఎత్తండి, నిద్ర పెంచండి, రెండు గట్టి రోజుల మధ్య ఎడం ఎక్కువ ఇవ్వండి. వీటన్నిటికంటే ముందు గుండె పరీక్ష. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే డాక్టర్‌కు చెప్పండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఎప్పుడూ లేని ఆయాసం ఉంటే ఫీజు కట్టేశామని నీళ్లలోకి దిగొద్దు. పైన చెప్పిన 90 అంకెను ఇక్కడ ఇంకోసారి గుర్తుచేసుకోండి.

పోటీ రోజు

స్టార్ట్‌లో గుంపు మధ్యలో కాదు, పక్కన లేదా వెనక నిలబడండి. ముందే పది నిమిషాలు నీళ్లలో తడిసి, శ్వాస కుదుట పడనివ్వండి. దడ వస్తే వెల్లకిలా తిరిగి తేలండి, చెయ్యెత్తితే కయాక్ వస్తుంది. కయాక్‌ను పట్టుకుని ఆగినంత మాత్రాన సాధారణంగా పోటీ నుంచి తీసేయరు, దాని సాయంతో ముందుకు కదలకూడదు అంతే. సైకిల్ ముట్టుకునే ముందే హెల్మెట్ బకిల్ పెట్టాలి. తిరిగొచ్చి సైకిల్ స్టాండ్‌లో పెట్టాకే తీయాలి. గీత దాటాకే సైకిల్ ఎక్కాలి. ఇలాంటి రూల్స్ తెలియక పెనాల్టీ తెచ్చుకునేవాళ్లు ఎక్కువ.

కెరీర్ కోణం

ట్రయాథ్లాన్ జాతీయ క్రీడల్లో ఉంది. 2025 ఉత్తరాఖండ్ క్రీడల్లో ఈ పోటీలు హల్ద్వానీలో జరిగాయి. అయితే సర్టిఫికెట్‌తో స్పోర్ట్స్ కోటా వస్తుందని గుడ్డిగా నమ్మొద్దు. మీరు దరఖాస్తు చేసే నోటిఫికేషన్‌లోని క్రీడల జాబితాలో ఉందో లేదో, ఏ స్థాయి పోటీ అడిగారో చూసుకోండి. కోచింగ్ వైపు వెళ్లాలంటే పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ డిప్లొమాలు, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సులు నడుపుతుంది. ఈత బాగా వచ్చినవాళ్లు లైఫ్‌సేవింగ్ శిక్షణ తీసుకుంటే పూల్స్, రిసార్టులు, స్కూళ్లలో పని దొరికే అవకాశం ఉంది. బావి మీద తాడు పట్టుకుని నిలబడే మనిషి మన పల్లెలకు ఇప్పుడూ అవసరమే. ఆ పని శిక్షణ తీసుకున్న చేతుల్లో ఉండాలి.

ఈ వారమే చేయాల్సినవి

* కరీంనగర్ లేదా హన్మకొండ పూల్‌కు వెళ్లి టైమింగ్స్, కోచ్, లైఫ్‌గార్డ్ వివరాలు కనుక్కోండి.
* ఇంట్లో మూలకున్న సైకిల్ తీసి బ్రేకులు, టైర్లు చూపించి, సీటు ఎత్తు సరిచేయండి.
* మాట్లాడుతూ పరుగెత్తగలిగే వేగంతో అరగంట పరుగు, మూడు రోజులు.
* బీపీ, షుగర్, నలభై దాటితే ఈసీజీ చేయించుకోండి.
* కాలువలో ఈతకు రమ్మనే దోస్తులకు ఈ పేజీ చూపించండి, వాళ్లనీ పూల్‌కు తీసుకెళ్లండి.